ఇసక చల్లిన బొమ్మ

పిచ్చుకను భుజాన వేసుకుని వాళ్ళమ్మ స్కానింగు గది దాకా పరుగెత్తుకొచ్చిందనీ, ఆ గదిలో మిషను నడిపేది ఆమె సొంత తమ్ముడేననీ, అక్క కనబడగానే ఎప్పుడూ తలుపు బార్లా తెరిచే ఆ తమ్ముడు మొట్టమొదటిసారి తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టి "ఈసారి తియ్యనక్కా" అన్నాడనీ కిందటి వారం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళ కోసం ఇంకొక్క మాట. పిచ్చుకకు ఆరేళ్ళు. పుట్టిన కొన్నాళ్ళకే తలలో నీరు చేరితే, ఆ నీటిని పొట్టలోకి దించడానికి చర్మం కింద సన్నటి గొట్టం వేశారు. గొట్టం బాగా పనిచేస్తున్నంత కాలం అందరు పిల్లల్లాంటి పిల్లే. ఒక్కచోట కుదురుగా వాలదు కాబట్టే ఆ ముద్దుపేరు. గొట్టం పూడుకుపోతే మాత్రం ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత మగత. ఆ తర్వాత వచ్చేదాన్ని తల్లి ఎన్నడూ నోటితో అనలేదు.

ఆ ఉదయం బడిలో పిల్ల వాంతి చేసుకుంది.

"చెయ్యి తియ్యరా," అంది అక్క. కుట్టుమిషను ముందు నుంచి లేచిన మనిషి లేచినట్టే వచ్చేసింది. కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. "పిల్ల తల వాల్చేస్తుంటే వేళాకోళమా నీకు?"

"వేళాకోళం కాదక్కా. పక్క గదిలో అయస్కాంతం మిషనుంది కదా, దాంట్లో తీయిద్దాం. దానికి ఎక్సురే కిరణాలుండవు."

"ఆ అరిచే పీపాలోనా? పోయినసారి దాంట్లో పెడితే పిల్ల దడుచుకుని గోలపెట్టింది. చివరికి మత్తిచ్చి పడుకోబెట్టారు. పొద్దంతా నేను గోడకి చేరగిలబడి ఏడుస్తూ కూర్చున్నాను. అదేం వద్దు. నీ మిషనే నాకు కావాలి. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది."

"ఇప్పుడు దాంట్లోనూ త్వరగా తీసే పద్ధతి పెట్టారక్కా. మత్తక్కర్లేదు. తలలో నీళ్ళుండే గదులు ఎంతున్నాయో చూడటానికి రెండు మూడు నిమిషాలు చాలు. లోపల ఎవరో ఉన్నారు. వాళ్ళు బయటికి రాగానే మనమే."

"అంటే నేను లైన్లో కూచోవాలా? తోడబుట్టినవాడు స్కానింగులో ఉండగా?"

వరండాలో ఇనప కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూశారు. కాలికి కట్టుతో ఉన్న ఒక ముసలాయన గొంతు సవరించుకుని, "మాకు తమ్ముళ్ళు లేక కూచున్నాం తల్లీ," అన్నాడు. పక్కావిడ నవ్వబోయి, పిల్ల ముఖం చూసి ఆపుకుంది.

అక్కకు ఆ మాట చెవికెక్కలేదు. "నీ ముక్కు తుడిచి బడికి పంపినదాన్నిరా నేను. నువ్వు పరీక్ష తప్పితే నాన్నకు తెలియకుండా నా వెనక దాచినదాన్ని. ఈ ఉద్యోగం వచ్చిన రోజు ఏమన్నావు? 'అక్కా, పిచ్చుక సంగతి ఇక నాకొదిలెయ్' అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి ఇప్పుడేమొచ్చింది? పెద్దవాడివైపోయావా? రూల్సు గుర్తొచ్చాయా?"

తమ్ముడు తల దించుకున్నాడు. చెయ్యి మాత్రం దించలేదు.

అంతలో డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే, కానీ నిదానం ఉన్న మనిషి. పిల్ల కనురెప్పలెత్తి లైటు వేసి చూసింది. ఒక వేలు చూపించి "ఎన్ని వేళ్ళు?" అని అడిగింది. "ఒకటి," అంది పిచ్చుక విసుగ్గా, ఇంత పెద్ద డాక్టరుకి ఆ మాత్రం తెలియదా అన్నట్టు. డాక్టరమ్మ నవ్వి, తల్లి వైపు తిరిగింది. "లోపల బొమ్మ చూడాలమ్మా. అయస్కాంతం గది ఖాళీ అయ్యేదాకా ఆగొచ్చు. పిల్లకి మగత పెరిగిందంటే మాత్రం ఆగకూడదు. అప్పుడేది దొరికితే అందులో తీసెయ్యాలి. నేను పైన ఆపరేషను థియేటరులో ఉన్న పెద్ద డాక్టరుతో మాట్లాడొస్తాను. పిల్లను నిద్రపోనివ్వకండి."

ఆమె వెళ్ళింది. అక్క గోడవారన కూలబడి, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. "చూడు పిచ్చుకా, నాన్న బస్సుకి ఎన్ని టైర్లే?"

"ఆరు." కళ్ళు తెరవకుండానే చెప్పింది. "మావయ్య దగ్గర ఉన్నదాంతో ఏడు." స్కానింగు మిషను గుండ్రటి నోరు పిల్లకు ఎప్పుడూ నాన్న బస్సు టైరే.

ఆ మాట విని తమ్ముడు వచ్చి అక్క ఎదురుగా నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏం చేశాన్రా నీకు?" అంది అక్క. ఈసారి గొంతులో కోపం లేదు. కోపం అయిపోయాక మిగిలేది మాత్రమే ఉంది. "మీ బావ బస్సు తీసుకుని ఎక్కడో దారిలో ఉన్నాడు, ఫోనెత్తడు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? చెప్పు, ఏం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదక్కా. చేసింది నేను."

కొత్తగా వచ్చిన కొలతల మేడమ్ గురించి అప్పుడు చెప్పాడు. ఆవిడ పని, ఏ మిషను ఎవరి ఒంట్లోకి ఎంత కిరణం పంపిస్తోందో కొలిచి, అవసరమైనదానికంటే ఎక్కువ పోకుండా చూడటం. ఆవిడకు వేరే పేరుందన్న సంగతి ఆసుపత్రిలో చాలామందికి తెలియనే తెలియదు. మొన్న ఆవిడ పిల్లల తలల బొమ్మలన్నీ తెర మీద వరసగా పెట్టుకుని చూస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. "ఈ బొమ్మ ఇంత అందంగా ఎందుకుంది?" అని అడిగింది.

"నాకు ఛాతీ ఉబ్బిపోయిందక్కా. 'మా మేనకోడలిది మేడమ్' అన్నాను. ఆవిడ నవ్వలేదు. 'మిగతా పిల్లలందరివీ కాస్త గరుకుగా ఉన్నాయి, అలాగే ఉండాలి కూడా. ఇదొక్కటే అద్దంలా ఎలా వచ్చింది?' అంది."

"బాగా వస్తే మంచిదే కదరా?"

"ఊరికే రాదక్కా బాగా." తమ్ముడు అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "పిల్లలకు వేరే సెట్టింగుంటుంది. తక్కువ కిరణాలు పోతాయి, బొమ్మ గరుకుగా వస్తుంది. నీళ్ళ గదులు పెరిగాయా లేదా చూడటానికి అది చాలు. పెద్దవాళ్ళ సెట్టింగులో తీస్తే బొమ్మ నున్నగా వస్తుంది, కిరణాలు కూడా అంత ఎక్కువగా పడతాయి. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ నేను పిల్లల సెట్టింగులోనే తీశాను. మన పిచ్చుకకు మాత్రం, మొదటిసారి వదిలేస్తే, పెద్దవాళ్ళదాంట్లో తీశాను. ప్రతిసారీ. తల వరకు తీస్తే సరిపోయేది, ఎందుకైనా మంచిదని మెడ దాకా తీశాను. ఒకసారి తీసింది బాగానే వచ్చినా, ఎందుకైనా మంచిదని ఇంకోసారి తీశాను. మనదే కదా, మన పిల్లే కదా అని."

అక్కకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, పిల్ల తలను అరచేత్తో కప్పింది.

తమ్ముడు చెప్పని సంగతి ఒకటుంది. అది ఆమెకు తనంత తానే గుర్తొచ్చింది. తమ్ముడు తీసిన మొట్టమొదటి బొమ్మను తెర మీద చూసి, "ఇదేంట్రా, ఇసక చల్లినట్టుంది! మనవాళ్ళకి కూడా ఇలాగేనా తీసేది?" అన్నది ఎవరు? తనే. ఆ తర్వాత బొమ్మలు అద్దంలా వస్తుంటే వీధిలో నలుగురికీ చెప్పుకున్నది ఎవరు? "మా తమ్ముడున్నాడు కాబట్టి" అని మురిసిపోయింది ఎవరు? బడి ఎగ్గొట్టాలని పిల్ల ఉత్తుత్తి తలనొప్పి తెచ్చుకున్న రోజున కూడా, ఎందుకైనా మంచిదని చెయ్యి పట్టుకుని ఇక్కడికే లాక్కొచ్చింది ఎవరు?

ఆమె పిల్లల బట్టలు కుట్టే మనిషి. పెరిగే పిల్లలకు అంచుల్లో కాస్త ఎక్కువ గుడ్డ వదలాలని ఆమె చేతులకు తెలుసు. కొలతకు మించి ఇచ్చిందే ప్రేమ అని బతికిన మనిషికి, కొలతకు మించి ఇస్తే చెరుపు చేసేది ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు. ప్రతిసారీ తలుపు మీద వెలిగే ఎర్ర దీపం కింద నిలబడి, దేవుడా, బొమ్మ స్పష్టంగా రావాలి అని దండం పెట్టుకుంది. దేవుడు ప్రతిసారీ ఆలకించాడు. అడిగిందే తప్పైనప్పుడు ఆయన ఎందుకు ఆలకించాడో, ఇప్పుడు ఆయన్నేమని అడగాలో ఆమెకు తోచలేదు.

"ఇప్పుడు దీనికేమవుతుంది?" అంది చివరికి.

"ఇప్పుడేం కాదు. ఎప్పటికీ ఏమీ కాకపోవచ్చు కూడా. కాకపోయే అవకాశమే చాలా ఎక్కువ అంది మేడమ్. కానీ పడిందల్లా లోపల కూడుకుంటూ పోతుందట. పిల్లలకు ముందు బతకాల్సిన కాలం ఎక్కువ కదా. ఎప్పుడో, చాలా ఏళ్ళకి..." క్యాన్సరు అన్న మాట మింగేశాడు. "ఆ ప్రమాదం దీనికి రాసిపెట్టి లేదక్కా. నేనే చేతులారా పెంచాను. అందుకే ఇంక తియ్యను. నన్ను కొట్టు, తిట్టు. తియ్యను."

అక్క కొట్టలేదు. చెయ్యి చాచి తమ్ముడి చెవి పట్టుకుంది, చిన్నప్పుడు పట్టుకున్నట్టే. పట్టుకుని మెలిపెట్టడం మరిచిపోయి, అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఏడ్చారు. ముసలాయన కట్టు కాలిని పక్కకి జరుపుకుని, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

అక్కకే ముందు తెలిసింది. ఒళ్ళో బరువు మారింది. మేలుకున్న పిల్ల బరువొకలా ఉంటుంది, జారిపోతున్న పిల్ల బరువొకలా ఉంటుంది.

"పిచ్చుకా! బస్సుకి టైర్లెన్నే?"

పిచ్చుక పెదవులు కదిలాయి. మాట రాలేదు.

తమ్ముడు లేచి అయస్కాంతం గది వైపు పరుగెత్తాడు. లోపలి నుంచి ఆ పీపా దబదబా మోగుతూనే ఉంది. ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్న మనిషిని మత్తులో పడుకోబెట్టి సగం తీశారు, మధ్యలో ఆపి దించే వీల్లేదు, ఇంకో అరగంటైనా పడుతుంది అన్నారు. వరండా ఆ చివర నుంచి డ్యూటీ డాక్టరమ్మ, ఆమె వెనక కొలతల మేడమ్ గబగబా వస్తున్నారు. డాక్టరమ్మ పిల్లను గట్టిగా తట్టింది. పిచ్చుక కళ్ళు తెరిచి, మూలిగి, మళ్ళీ మూసుకుంది.

"ఇంక ఆగేది లేదు," అంది డాక్టరమ్మ. "స్కానింగులోకి తీసుకెళ్ళండి."

"వద్దు!"

అది అక్క అరుపు. పిల్లను గుండెకు అదుముకుని, తమ్ముడు ఇందాక నిలబడిన చోటే, ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడింది. "వద్దు. దాంట్లో పెట్టనివ్వను. ఇప్పటికి పడింది చాలు."

"అక్కా, ఇప్పుడు తియ్యాలి. ఇప్పుడు అవసరం."

"ఇందాక తియ్యనన్నావు! ఇప్పుడు తియ్యాలంటున్నావు! ఏ మాట నమ్మాలిరా నేను?"

 జవాబు చెప్పింది కొలతల మేడమ్. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు, బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మలా ఉంటుంది. దగ్గరికొచ్చి, అక్క మెడలో ఉన్న టేపును రెండు వేళ్ళతో పట్టుకుంది.

"కుట్టుపనా అమ్మా? ఎక్కువ గుడ్డ వృథా చేశామని, రేపటి నుంచి అసలు గుడ్డే కొయ్యనంటావా?"

అక్క తల దించి ఆ టేపునే చూసింది.

"కిరణం విషం కాదు, ప్రసాదమూ కాదు. పనిముట్టు. అవసరమైనప్పుడు, అవసరమైనంత. నిన్నటిదాకా అవసరం లేనప్పుడు తీశాం, అవసరమైనదానికంటే ఎక్కువ తీశాం. ఇవాళ అవసరముంది. కొలత దగ్గర నేను నిలబడతాను. తీసేది మీ తమ్ముడే, కానీ చూసేది నేను. తల వరకే. ఒక్కసారే. పిల్లల కొలతలోనే."

అక్క కళ్ళు మూసుకుంది. అలా మూసుకుని ఏ దేవుణ్ణి ఏమడిగిందో తెలియదు. స్పష్టమైన బొమ్మను మాత్రం అడగలేదు. పక్కకి తప్పుకుంది.

మిషను బల్ల మీద పిచ్చుకను పడుకోబెట్టి, తల కదలకుండా మెత్తటి పట్టీ కట్టారు. "టైరులోకి పోతున్నావే, నాన్న హారను కొడతాడు, కదలకూడదు," అన్నాడు మావయ్య. తలుపు మూశారు. ఎర్ర దీపం వెలిగింది. అద్దానికి ఇవతలి గదిలో తమ్ముడి వేళ్ళు బటన్ల మీద కదులుతుంటే, వెనక నుంచి కొలతల మేడమ్ నెమ్మదిగా చెప్పింది. "మెడ వద్దు. ఇంకా పైకి. ఊఁ, అక్కడ ఆపు. ఇప్పుడు తియ్యి."

కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

తెర మీద బొమ్మ వచ్చింది. ఇసక చల్లినట్టే ఉంది. ఒకప్పుడు తాను ముఖం చిట్లించిన ఆ ఇసకనే అక్క ఇప్పుడు ఆశగా చూసింది. ఆ గరుకులో తన బిడ్డ మీద పడకుండా మిగిలిన వెలుగు ఉందని ఇప్పుడు తెలుసు.

డ్యూటీ డాక్టరమ్మ ఫోను కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. పై అంతస్తులో పెద్ద డాక్టరు కూడా తన తెర మీద అదే బొమ్మ చూస్తున్నాడు. 

"ఏంటిది? నన్ను ఇసకలో వెతుక్కోమంటారా?" అంది ఆ గొంతు. "ఈ పిల్ల బొమ్మలు ఎప్పుడూ అద్దంలా వచ్చేవి కదయ్యా. ఏమైంది నీ చేతికి?"

 కొలతల మేడమ్ ముందుకు వంగి, పిల్ల పాత బొమ్మను తెర మీదికి తెచ్చి కొత్తదాని పక్కన పెట్టింది. "పాతది మీకు అద్దంలానే ఉంది డాక్టరుగారూ. దాని పక్కన పెట్టి చూడండి. ఇదివరకు పడిన కిరణాలను వెనక్కి తియ్యలేం, కనీసం ఇవాళ వాడుకుందాం. మీక్కావలసింది నీళ్ళ గదుల కొలత, అందం కాదు."

ఫోనులో మౌసు నొక్కుతున్న టకటక వినబడింది. 

"కొద్దిగా వెడల్పయినట్టుంది," అన్నాడు పెద్ద డాక్టరు, గొంతు తగ్గించి. "తల ఒక పక్కకి వాలింది కాబట్టి అలా అనిపిస్తోందేమో కూడా. ఊరికే తల తెరవడానికి నా చెయ్యి రాదు. తెరవాల్సి ఉండి ఊరుకుంటే ఇంకా పాపం. నాకు తేలడం లేదు. ఇంకోసారి తియ్యండి. ఎప్పటిలాగా. పెద్ద సెట్టింగులో."

"ఒక్కసారే అని మాటిచ్చాం," అంది కొలతల మేడమ్. "పిల్లను పరీక్షించి చూసి, అప్పుడు..."

"మాటలు మీరిచ్చుకున్నారు. కత్తి పట్టుకునేది నేను."

అందరూ అక్క వైపు చూశారు. తమ్ముడి చెయ్యి ఆ బటను మీదే ఉంది, అటూ ఇటూ కదలకుండా. ఇన్నాళ్ళూ తాను అడిగి అడిగి తీయించుకున్న ఆ బొమ్మను ఇప్పుడు తనను అడిగి తీస్తామంటున్నారు. సరేనంటే రేపటికి భయం. వద్దంటే ఇవాళ్టికే భయం. బిడ్డకు ఏ భయాన్ని ఇవ్వాలో తల్లే ఎంచుకోవాలంటే, అంత బరువు మొయ్యడానికి దేవుడు తల్లికి రెండో గుండె ఎందుకివ్వలేదో.

ఆమె అద్దం దగ్గరికి వెళ్ళింది. పక్కనే లోపలికి మాట్లాడే మైకు ఉంది. తమ్ముడు ఎప్పుడూ దాంట్లోంచే "కదలకే పిచ్చుకా" అనేవాడు. దాన్ని నొక్కింది.

"పిచ్చుకా... అమ్మనే. ఇటు చూడు నాన్నా. అమ్మ వైపు చూడు."

బల్ల మీద చిన్న ముఖం కదిలింది. రెప్పలు బరువుగా లేచాయి. అద్దం వైపు, అద్దం వెనక వెలుతురులో నిలబడ్డవాళ్ళ వైపు పిల్ల చాలాసేపు చూసింది. ఒక కన్ను ఇటు చూస్తుంటే, రెండోది రానని మొరాయించినట్టు ముక్కు వైపే ఉండిపోయింది.

గోడ మీది స్పీకరు డబ్బాలోంచి సన్నటి గొంతు, గదిలో అందరికీ, ఫోనులో పై అంతస్తుకీ వినబడింది.

"మావయ్యా... నువ్వు ఇద్దరున్నావేంటి?"

డ్యూటీ డాక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది. పిల్ల ముఖం ముందు వేలు పెట్టింది. ఇందాక పెట్టినట్టే, ఒక్క వేలు. "ఎన్ని వేళ్ళు తల్లీ?"

పిచ్చుక ఆలోచించింది. తప్పు చెబితే ఏమంటారో అన్నట్టు తల్లి కోసం వెతుక్కుంది.

"రెండు."

డాక్టరమ్మ వేలు గాలిలోనే ఉండిపోయింది. ఫోనులో పెద్ద డాక్టరు గొంతు మారిపోయింది. అందులో ఇప్పుడు విసుగు లేదు, అనుమానం లేదు. "చాలు. ఇంకే బొమ్మా వద్దు. లోపల ఒత్తిడి పెరిగింది. పిల్లను పైకి తీసుకురండి. ఉన్నపళంగా."

తమ్ముడు బటను మీది చెయ్యి ఒక్కసారిగా తీసేశాడు, కాలినట్టు. తీసి లోపలికి పరుగెత్తాడు. అక్క మైకు ఇంకా నొక్కే ఉంది. చెయ్యి వదిలితే పిల్ల జారిపోతుందేమో అన్నట్టు నొక్కి పట్టుకుని, అంది.

"అయిపోయిందే నాన్నా, ఇంక టైరు లేదు. అమ్మ వచ్చేస్తోంది. పిచ్చుకా? విన్నావా? పిచ్చుకా..."

గోడ మీది డబ్బాలోంచి ఈసారి ఏ గొంతూ రాలేదు.